వడ్డీ లేని బ్యాంకు పుట్టుపూర్వోత్తరాలు

శివరాత్రికి బలివే తిరునాళ్లు జరిగే రోజుల్లో నూజివీడు పక్కనున్న ముసునూరు మండలంలో మామిడి తోటలు పూత నుంచి పిందెకు తిరుగుతుంటాయి. తమ్మిలేటి ఒడ్డున భక్తులు కిక్కిరిసి ఉంటే, తోటల్లో బేరగాళ్లు చెట్టు చెట్టూ తిరిగి కొమ్మలు తేరిపార చూస్తుంటారు. చిన్నరసం, బంగినపల్లి, కలెక్టరు... ఏ తోట కాపు ఎంతకు పోతుందో చాలావరకు అప్పుడే తేలిపోతుంది. వ్యాపారి పూత చూసో పిందె చూసో కాపు మొత్తాన్ని గుత్తగా మాట్లాడుకుంటాడు. కొంత బయానా చేతిలో పెడతాడు, మిగతాది కోతలప్పుడు. ఇంకొందరు రైతులు మామిడి కమీషన్ కొట్టు నుంచి ముందే డబ్బు తెచ్చుకుంటారు. మందు కొట్టాలి, దుక్కి దున్నించాలి, పిల్ల పెళ్లి చేయాలి. ఆ డబ్బుకు వడ్డీ లేదని కొట్టువాళ్లు అంటారు. కాయ మాత్రం ఆ కొట్టుకే తోలాలి. ఆ వడ్డీ ధరలోనో తూకంలోనో కమీషన్‌లోనో ఎక్కడో ఒకచోట తేలుతుంది.

సరిగ్గా ఇలాంటి బేరాల మీదే 1400 ఏళ్ల కిందట, ఇస్లాం తొలినాళ్లలో, మదీనాలో రెండు కట్టుబాట్లు వచ్చాయి. అక్కడివి ఖర్జూర తోటలు. పండు రంగు తిరిగి, చీడపీడల భయం గడిచేదాకా చెట్టు మీది కాయను అమ్మకూడదన్నది మొదటిది. గాలివానకో తెగులుకో కాపు పోతే కొన్నవాడి సొమ్ము ఏ హక్కుతో ఉంచుకుంటావన్నది దాని వెనక ఉన్న ప్రశ్న. రెండోది, డబ్బు ముందు తీసుకుని సరుకు తర్వాత ఇచ్చే పద్ధతికి పెట్టిన షరతులు. దీన్ని సలం అంటారు. ధర మొత్తం బేరం కుదిరినప్పుడే చెల్లించాలి. ఏ రకం, ఎంత తూకం, ఏ నాటికి అన్నవి ముందే ఖాయం కావాలి. ఫలానా వారి తోట కాయే ఇవ్వాలని మాత్రం రాసుకోకూడదు. ఆ తోట కాయకపోతే రైతు ఎక్కడి నుంచి తెస్తాడు?

నూజివీడు చుట్టుపక్కల ఏటా జరిగే బేరాలను ఈ రెంటితో పోల్చి చూస్తే, పూత మీద గుత్త మాట్లాడుకోవడం మొదటి కట్టుబాటుకు నిలవదు. పిందె పడ్డాక అమ్మే విషయంలో ఇస్లాం న్యాయకోవిదుల మధ్యే భేదాలున్నాయి. కమీషన్ కొట్టు ఇచ్చే ముందస్తు డబ్బు మాత్రం, షరతులు మారిస్తే, సలం కాగలదు. ఇస్లామిక్ బ్యాంకింగ్ అంటే ఏదో అరబ్బు దేశాల పెట్రోలు డబ్బు వ్యవహారమని అనుకునేవారు గమనించాల్సింది ఇదే. దాని మూలాలు పంట మీద, సరుకు మీద, నష్టం ఎవరు భరించాలన్న తగువు మీద ఉన్నాయి. అప్పిచ్చినవాడు ఏ నష్టానికీ బాధ్యుడు కాకుండా ముందే ఖాయం చేసుకున్న రాబడి తీసుకోకూడదు. సరుకు కొని అమ్మి లాభం చేసుకోవచ్చు, భాగస్థుడిగా చేరి లాభనష్టాలు పంచుకోవచ్చు, ఆస్తి అద్దెకిచ్చి అద్దె తీసుకోవచ్చు.

ఇంతవరకు మతం చెప్పగలదు. దీన్ని ఒక బ్యాంకుగా నిలబెట్టాలంటే రాజ్యం ఒప్పుకోవాలి. డిపాజిట్ అంటే ఏమిటో, బ్యాంకు ఏం కొనవచ్చో, పన్ను ఎన్నిసార్లు కట్టాలో చెప్పేది చట్టసభ, కోర్టు. గ్రంథం ఒకటే అయినా కైరోలో ఒకలా, కౌలాలంపూర్‌లో ఒకలా, కరాచీలో ఒకలా, హైదరాబాదులో మరోలా ఈ బ్యాంకు తయారైందంటే కారణం అదే.

వడ్డీ మీద కోపం అందరిదీ

వడ్డీని అదుపు చేయాలన్న ఆలోచన ఒక్క ఇస్లాందే కాదు. కుబేరుడి దగ్గర పెళ్లికి చేసిన అప్పుకు ఇప్పటికీ వడ్డీ కడుతున్న దేవుణ్ణి వడ్డీకాసులవాడని పిలుచుకునే జాతి మనది. వడ్డీ బరువు మనకు కొత్తగా ఎవరూ చెప్పనక్కర్లేదు. హిందూ ధర్మశాస్త్రాల్లో దామదుపత్ అన్న నియమం ఉంది. పేరుకున్న వడ్డీ అసలును మించి వసూలు చేయకూడదన్నది దాని సారం. బ్రిటిష్‌వాళ్లు 1855లో వడ్డీ పరిమితి చట్టాలను ఎత్తేశారు. కాగితం మీద ఎంత రాసుకుంటే అంతే చెల్లుతుందన్న రోజులు వచ్చాయి. దామదుపత్‌ను బొంబాయి రాజధానిలో, కలకత్తా నగరంలో హైకోర్టులు అమలు చేశాయి. మద్రాసు రాజధానిలో మాత్రం దానికి గుర్తింపు దక్కలేదు. అప్పట్లో కృష్ణా జిల్లాలో ఉన్న ముసునూరు ఆ మద్రాసు రాజధాని కిందే ఉండేది.

1918లో అధిక వడ్డీ రుణాల చట్టం వచ్చి, మరీ అన్యాయమైన వడ్డీని కోర్టులు తిరగదోడే వీలు కలిగింది. అసలు మార్పు 1938లో వచ్చింది. రాజాజీ ప్రభుత్వం, టంగుటూరి ప్రకాశం రెవెన్యూ మంత్రిగా ఉన్న కాలంలో, మద్రాసు వ్యవసాయదారుల రుణ విమోచన చట్టం తెచ్చింది. 1932 అక్టోబరు 1కి ముందు చేసిన అప్పుల మీద 1937 అక్టోబరు 1 నాటికి పేరుకున్న వడ్డీ పోయింది. అసలుకు రెట్టింపు అప్పటికే కట్టేసి ఉంటే ఆ అప్పు తీరిపోయినట్టే లెక్క. కోర్టులు గుర్తించని దామదుపత్‌ను చట్టసభ ఓట్లతో వెనక్కి తెచ్చిందన్నమాట.

ఇదంతా జరుగుతుండగా ముస్లింల మత నియమం బ్రిటిష్ కోర్టుల్లో ఏమైంది? పెళ్లి, వారసత్వం, వక్ఫ్ వంటి వాటికి మాత్రమే అది పరిమితమైంది. అప్పులు, ఒప్పందాలు 1872 నాటి కాంట్రాక్టు చట్టం కిందికి వెళ్లాయి. 1937లో వచ్చిన షరియత్ చట్టం ముస్లింలకు వారి సొంత న్యాయం ఏయే విషయాల్లో వర్తిస్తుందో జాబితా ఇచ్చింది. విడాకులు, మహర్, వారసత్వం, దానం అందులో ఉన్నాయి. అప్పు లేదు, వడ్డీ లేదు. భారతీయ ముస్లిం ఎలా పెళ్లి చేసుకోవాలో చెప్పే చట్టం, ఎలా అప్పు తీసుకోవాలో చెప్పలేదు. నేటి చిక్కుముడికి ముడి పడింది ఇక్కడే.

హైదరాబాదు చేసిన ప్రయోగం

ముసునూరు నుంచి ఉత్తరాన సత్తుపల్లి వైపు వెళ్తే అప్పట్లో రాజ్యమే మారిపోయేది. అవతల నైజాం సంస్థానం. ఆ సంస్థానపు రాజధానిలో 19వ శతాబ్ది చివరినుంచే వడ్డీ లేని అప్పులిచ్చే సంఘాలు మొదలయ్యాయి. 1923లో భూమి వ్యవహారాల శాఖ ఉద్యోగులు కొందరు కలిసి అంజుమన్ ఇమ్‌దాదె బాహమీ ఖర్జె బిలా సూద్ పెట్టుకున్నారు. వడ్డీ లేని అప్పుకు పరస్పర సహాయ సంఘమని అర్థం. సభ్యుల సొమ్మే దానికి మూలధనం, సభ్యులకే అప్పు. ప్రపంచంలో ఇస్లామిక్ బ్యాంకు అన్న పేరు ఇంకా ఎక్కడా వినపడని రోజులవి. జీతగాళ్లు తమలో తాము నడుపుకున్న ఈ సంఘం ఆ చరిత్ర రాసేవారు తప్పకుండా ప్రస్తావించే తొలి ఉదాహరణల్లో ఒకటి.

సంఘం పక్కనే సిద్ధాంతమూ తయారైంది. 1918లో ఉర్దూ మాధ్యమంతో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం దానికి వేదిక. అక్కడ అర్థశాస్త్రం చెప్పిన అన్వర్ ఇక్బాల్ ఖురేషీ ఇస్లాం, వడ్డీ సిద్ధాంతం గురించి రాసిన పుస్తకం 1946లో వచ్చింది. ధర్మశాస్త్రం చెప్పిన మనాజిర్ అహ్సన్ గిలానీ ఇస్లామీయ ఆర్థిక వ్యవస్థ మీద ఉర్దూలో పెద్ద గ్రంథమే రాశారు. అంతర్జాతీయ న్యాయశాస్త్రం బోధించిన మహమ్మద్ హమీదుల్లా 1908లో హైదరాబాదులో పుట్టినవారు. హైదరాబాదు వడ్డీలేని సంఘాల గురించి లోకానికి తెలియజెప్పినవారిలో ఆయన ముఖ్యులు. వడ్డీకి వ్యతిరేకంగా విరివిగా రాసిన మౌదూదీ కూడా 1903లో ఇదే సంస్థానంలోని ఔరంగాబాదులో పుట్టారు. వేర్వేరు దారుల్లో నడిచిన ఇంతమంది ఒక్క సంస్థానం నుంచి రావడం విశేషం.

ఇంకో విశేషం కూడా చెప్పుకోవాలి. పాలకుడు ముస్లిం, రాజభాష ఉర్దూ, మేధావులు వడ్డీకి వ్యతిరేకులు. అయినా నిజాం ప్రభుత్వం తన సొంత బ్యాంకు పెట్టినప్పుడు అది మామూలు వడ్డీ బ్యాంకే అయింది. 1941 నాటి చట్టంతో, 1942 ఏప్రిల్ 5న పని మొదలుపెట్టిన హైదరాబాదు స్టేట్ బ్యాంకు సంస్థానపు కరెన్సీ ఉస్మానియా సిక్కా వ్యవహారాలు చూసింది. తర్వాత అదే మనందరికీ తెలిసిన స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్. రాజు మతం ఏదైనా ఖజానా తనకు అనువైన చట్టమే చూసుకుంటుంది. వడ్డీ లేని అప్పు ప్రభుత్వ పథకం కాలేదు, ఉద్యోగుల సంఘంగానే ఉండిపోయింది.

1948 సెప్టెంబరులో సంస్థానం భారతదేశం చేతికి రావడంతో ఆ అధ్యాయం ముగిసింది. ఐక్యరాజ్యసమితికి వెళ్లిన హైదరాబాదు ప్రతినిధి బృందంతో ఉన్న హమీదుల్లా తిరిగి రాలేదు. పారిస్‌లో స్థిరపడి దశాబ్దాలు పరిశోధనలోనే గడిపారు, 2002లో అమెరికాలో కన్నుమూశారు. ఖురేషీ పాకిస్తాన్ వెళ్లిపోయారు. గిలానీ బీహారులోని తన ఊరు చేరారు. ఆలోచన పుట్టిన చోట ఆలోచనాపరులు మిగల్లేదు.

పేరులో ఇస్లాం లేని తొలి బ్యాంకు

ఆధునిక ఇస్లామిక్ బ్యాంకుకు తొలి రూపంగా అందరూ చెప్పేది ఈజిప్టులోని మిత్ గమ్ర్. నైలు డెల్టాలోని పల్లెటూళ్ల మధ్య 1963లో అహ్మద్ అల్ నజ్జార్ అనే ఆర్థికవేత్త ఒక పొదుపు బ్యాంకు పెట్టారు. జర్మనీలో చూసిన స్థానిక పొదుపు బ్యాంకులే ఆయనకు నమూనా. అది అధ్యక్షుడు నాసర్ కాలం. మత సంస్థలంటే ప్రభుత్వానికి అనుమానం. అందుకే బ్యాంకు పేరులో ఇస్లాం ఊసే లేదు. రైతులు పొదుపు చేశారు, వడ్డీ లేకుండా చిన్న అప్పులు తీసుకున్నారు. కొన్నేళ్లకే, 1960ల చివరికి, ప్రభుత్వం దాన్ని మామూలు బ్యాంకుల్లో కలిపేసింది. మళ్లీ 1971లో అదే ప్రభుత్వ రంగం నుంచి వడ్డీ లేని నాసర్ సోషల్ బ్యాంకు వచ్చింది. ఆలోచన మారలేదు, రాజకీయం మారింది.

అదే 1963లో మలేసియా మరో దారి పట్టింది. హజ్ యాత్రకు డబ్బు కూడబెట్టుకునే రైతులు పొలాలు, పశువులు అమ్ముకుంటున్నారని గమనించిన ఆర్థికవేత్త ఉంగ్కు అజీజ్ సూచనతో అక్కడి ప్రభుత్వమే యాత్రికుల పొదుపు సంస్థ పెట్టింది. తబుంగ్ హాజీ అంటే అదే. 20 ఏళ్ల తర్వాత, 1983లో, మలేసియా ప్రత్యేకంగా ఇస్లామిక్ బ్యాంకింగ్ చట్టమే చేసి బ్యాంక్ ఇస్లామ్‌ను ప్రారంభించింది. మామూలు బ్యాంకుల చట్టం పక్కనే దీన్నీ నడిపింది. ఎవరికి ఏది కావాలంటే అది. 2013లో ఆ చట్టాన్ని కొత్తగా తిరగరాసింది.

పెట్రోలు ధరలు పెరిగాక 1975లో దుబాయ్ ఇస్లామిక్ బ్యాంకు, జెద్దాలో ఇస్లామిక్ అభివృద్ధి బ్యాంకు వచ్చాయి. ఇరాన్ 1983లో దేశంలోని బ్యాంకులన్నీ వడ్డీ లేకుండా నడవాలని చట్టం చేసింది. పాకిస్తాన్‌లో సైనిక పాలకుడు జియా ఉల్ హక్ మొదలుపెట్టిన మార్పు కోర్టుల్లో పడి నలిగింది. వడ్డీ చెల్లదని ఫెడరల్ షరియత్ కోర్టు 1991లో తీర్పిచ్చింది. 1999లో సుప్రీం కోర్టు దాన్ని సమర్థించింది, 2002లో అదే కోర్టు పక్కన పెట్టి మళ్లీ విచారించమంది, 2022లో షరియత్ కోర్టు మళ్లీ వడ్డీ చెల్లదంది. 2028 జనవరి 1 నాటికి వడ్డీని తొలగించాలని 2024లో రాజ్యాంగ సవరణ చేశారు. మతం పేరిట ఏర్పడిన దేశానికే ఇన్ని దశాబ్దాలు పట్టింది.

లౌకిక రాజ్యాల్లో కథ ఇంకోలా నడిచింది. టర్కీ ఈ బ్యాంకులను 1983లో అనుమతించింది గానీ మతం పేరు పెట్టనివ్వలేదు. ఇప్పుడు వాటిని భాగస్వామ్య బ్యాంకులంటారు. బ్రిటన్‌లో అడ్డొచ్చింది స్టాంపు డ్యూటీ. బ్యాంకు ఇల్లు కొని ఖాతాదారుకు అమ్మితే ఒకే ఇంటికి రెండుసార్లు డ్యూటీ పడేది. 2003 ఆర్థిక చట్టంతో ఆ రెండోది తీసేశారు. మరుసటి ఏడు ఇస్లామిక్ బ్యాంక్ ఆఫ్ బ్రిటన్ తెరుచుకుంది. 2014లో బ్రిటిష్ ప్రభుత్వమే 20 కోట్ల పౌండ్ల సుకూక్ పత్రాలు (వడ్డీ లేని ఇస్లామిక్ బాండ్లు) అమ్మింది. మసీదుల ఒత్తిడి కన్నా, లండన్ మార్కెట్టుకు గల్ఫ్ డబ్బు కావాలన్న లెక్కే అక్కడ ఎక్కువ పని చేసింది.

మన చట్టంలో ఒక ట్రాక్టరు

ఇక మన దేశంలో ఇది ఎందుకు కుదరదో తెలియాలంటే ఒక ట్రాక్టరు బేరం చూద్దాం. ముసునూరులో ఒక రైతుకు 8 లక్షల ట్రాక్టరు కావాలనుకోండి. మామూలు బ్యాంకు 8 లక్షలు అప్పిచ్చి వడ్డీ వేస్తుంది. ఇస్లామిక్ బ్యాంకు ముందు తానే ట్రాక్టరు కొంటుంది, తర్వాత 9 లక్షల 20 వేలకు రైతుకు వాయిదాల మీద అమ్ముతుంది. దీన్ని మురాబహా అంటారు. కొన్న ధర, లాభం రెండూ రైతుకు చెప్పాలి. వాయిదా తప్పినా ధర పెరగకూడదు. ట్రాక్టరు బ్యాంకు పేరిట ఉన్నంతసేపు నష్టం బ్యాంకుదే.

1949 బ్యాంకింగ్ నియంత్రణ చట్టం దగ్గర ఈ బేరం ఆగిపోతుంది. 8వ సెక్షన్ ప్రకారం బ్యాంకు సరుకులు కొనకూడదు, అమ్మకూడదు. తాకట్టు సరుకు అమ్ముకుని బాకీ రాబట్టుకోవడం వంటివే మినహాయింపు. మురాబహా అక్కడ పోయింది. పోనీ ఇల్లో భూమో కొని అద్దెకిద్దామంటే 9వ సెక్షన్ అడ్డు. సొంత అవసరానికి కాని స్థిరాస్తిని ఏడేళ్లకు మించి బ్యాంకు ఉంచుకోకూడదు. ఇంటి అప్పులు 20 ఏళ్లవి. డిపాజిటర్లనే భాగస్థులుగా చేసుకుని లాభనష్టాలు పంచుదామంటే 5వ సెక్షన్ నిర్వచనం ఒప్పుకోదు. ప్రజల నుంచి తీసుకున్న డిపాజిట్ తిరిగి చెల్లించాల్సిన సొమ్ము. నష్టం వచ్చింది, తక్కువిస్తామంటే కుదరదు. దీని మీద పన్నుల గొడవ వేరు. అప్పు మీది వడ్డీకి జీఎస్టీ లేదు, సరుకు అమ్మకానికి ఉంది. బ్యాంకు ట్రాక్టరు కొని అమ్మితే దాని లాభం మీద కూడా పన్ను పడి రైతు భారం పెరుగుతుంది.

ఈ సెక్షన్లు ముస్లింలను దృష్టిలో పెట్టుకుని రాసినవి కావు. బ్యాంకులు వ్యాపారంలో దిగి మునిగిపోకుండా, జనం డిపాజిట్లు గల్లంతు కాకుండా రాసిన జాగ్రత్తలవి. స్వాతంత్ర్యానికి ముందు వరుసగా బ్యాంకులు కూలిన అనుభవం వాటి వెనక ఉంది. మతాల మాటెత్తకుండా చేసిన చట్టమే ఒక మతం వారి పద్ధతికి అడ్డుగోడ అయింది.

కమిటీలు, కోర్టులు, ఒక కృష్ణా జిల్లా న్యాయమూర్తి

ఈ గోడలో కిటికీ పెట్టవచ్చా అని పరిశీలించిన కమిటీలకు కొదవలేదు. 2000ల మధ్యలో రిజర్వు బ్యాంకు ఆనంద్ సిన్హా నాయకత్వంలో వేసిన బృందం, ఉన్న చట్టంతో కుదరదని తేల్చింది. 2008లో రఘురామ్ రాజన్ కమిటీ, వడ్డీ లేని బ్యాంకింగ్ లేనందువల్ల కొందరు బ్యాంకులకు దూరమవుతున్నారని, దానికి దారి చూడాలని చెప్పింది. 2015లో దీపక్ మొహంతీ కమిటీ మామూలు బ్యాంకుల్లోనే ఒక వడ్డీ లేని కౌంటరు పెట్టవచ్చంది. 2017 నవంబరులో సమాచార హక్కు దరఖాస్తుకు జవాబుగా రిజర్వు బ్యాంకు, ఈ ప్రతిపాదనను ముందుకు తీసుకెళ్లడం లేదని తెలిపింది. పౌరులందరికీ బ్యాంకు సేవలు అందే అవకాశాలు విస్తృతంగా, సమానంగా ఉన్నాయన్నది అది చెప్పిన కారణం.

కేరళ ప్రభుత్వం బ్యాంకు జోలికి పోకుండా, తన పారిశ్రామికాభివృద్ధి సంస్థకు వాటా ఉండేలా షరియత్ సూత్రాల మీద ఒక ఆర్థిక సంస్థను తలపెట్టింది. లౌకిక రాజ్యం మత సంస్థలో డబ్బు ఎలా పెడుతుందని సుబ్రమణ్యస్వామి తదితరులు కోర్టుకెక్కారు. 2011 ఫిబ్రవరిలో కేరళ హైకోర్టు ధర్మాసనం ఆ పిటిషన్లను కొట్టేసింది. అది వాణిజ్య సంస్థ అనీ, దాంట్లో వాటా తీసుకున్నంత మాత్రాన ప్రభుత్వం ఒక మతాన్ని పోషించినట్టు కాదనీ కోర్టు భావించింది. ఆ హైకోర్టు అప్పటి ప్రధాన న్యాయమూర్తి జాస్తి చలమేశ్వర్, మన కృష్ణా జిల్లా మొవ్వ మండలం వారే. తర్వాత ఆ సంస్థ చేరమాన్ ఫైనాన్షియల్ సర్వీసెస్ పేరుతో 2013లో మొదలైంది. చేరమాన్ పెరుమాళ్ పేరిట వెలసిన, భారతదేశంలో తొలిదని చెప్పుకునే మసీదు పేరు అది.

షేర్ మార్కెట్టులో ఇంత తగువు లేదు. షేరు కొనడమంటే భాగస్థుడు కావడమే గనక 1996లోనే టాటా సంస్థ ఈ నియమాలకు తగిన ఫండు తెచ్చింది. 2010లో బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజి షరియత్ సూచీ పెట్టింది. సారా కంపెనీలు, వడ్డీ వ్యాపారం చేసే కంపెనీలు అందులో ఉండవు. సెబీ నిబంధనలకు లోబడి అవన్నీ నడుస్తున్నాయి.

తెలుగునేల మీద నడిచినవి, మునిగినవి

1966లో హైదరాబాదులో మొదలైన తూర్ బైతుల్‌మాల్ వంటి సంస్థలు బంగారం కుదువ పెట్టుకుని వడ్డీ లేని అప్పులిస్తూ వచ్చాయి. 1995లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చేసిన పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం ఇలాంటివాటికి వీలిచ్చింది. ప్రభుత్వ జోక్యం తక్కువ, సభ్యులకే అజమాయిషీ. 1923 నాటి ఉద్యోగుల సంఘం ఆకారమే అటూ ఇటుగా కొత్త చట్టం కింద మళ్లీ కనిపిస్తోంది.

చట్టం పట్టించుకోని చోట ఇంకోటి పెరిగింది. వడ్డీ హరామ్, ఇది హలాల్ లాభం అంటూ నెలనెలా ఆకర్షణీయమైన రాబడి చూపిన పథకాలు వేలమంది సొమ్ము మింగాయి. హైదరాబాదు కేంద్రంగా నడిచిన హీరా గోల్డ్ వ్యవస్థాపకురాలిని 2018 అక్టోబరులో పోలీసులు అరెస్టు చేశారు. ఆ వ్యవహారం సుప్రీం కోర్టు దాకా వెళ్లింది. మరుసటి ఏడు జూన్‌లో బెంగళూరులో ఐఎంఏ అనే అలాంటిదే మరో సంస్థ కుప్పకూలి, దాని అధిపతి దుబాయ్ పారిపోయాడు. నెలకు ఇంత అని ముందే ఖాయం చేసి చెప్పే రాబడి ఇస్లాం నియమాల ప్రకారమే లాభం కాదు. ఆ ఒక్క మాట చెప్పే అధికారిక సంస్థ దేశంలో లేకపోవడం మోసగాళ్లకు కలిసొచ్చింది. అదే 2019లో కేంద్రం అనధికార డిపాజిట్ పథకాల నిషేధ చట్టం తెచ్చింది.

ఇక మనవాళ్లు వడ్డీ లేని రుణాలని పిలిచేవి వేరే సంగతి. 2004లో డ్వాక్రా మహిళలకు పావలా వడ్డీ వచ్చింది, 2012 నుంచి వడ్డీ లేని రుణాలన్నారు. అక్కడ బ్యాంకు వడ్డీ మానుకోలేదు, మహిళల బదులు ప్రభుత్వం కట్టింది. మతపండితుడి దృష్టిలో అది వడ్డీ అప్పే. బాకీ తీర్చే మహిళ దృష్టిలో అది వడ్డీ లేని అప్పే. ఈ పథకాల వెనక ఉన్న రాజకీయం కృష్ణా జిల్లాకు బాగా తెలుసు. 2006 మార్చిలో సూక్ష్మరుణ సంస్థల వసూళ్ల మీద గొడవ ముదిరి, జిల్లా యంత్రాంగం వాటి శాఖలు సుమారు యాభై దాకా మూయించింది. 2010లో ఆ సంస్థల మీద ఆర్డినెన్సు, ఆ వెంటనే చట్టం వచ్చాయి. అసలుకు మించి వడ్డీ వసూలు చేయరాదని అందులో రాశారు. పాత దామదుపత్ ఇంకోసారి చట్టమైంది.

ఇస్లామిక్ బ్యాంకింగ్‌కు విమర్శకులు లేకపోలేదు. మురాబహాలో లాభం అన్నది పేరు మార్చుకున్న వడ్డీయేనని తిమూర్ కురాన్ వంటి ఆర్థికవేత్తలు రాశారు. చాలా బ్యాంకుల విషయంలో ఆ మాట నిజమే. ధర ముందే ఖాయమై, సరుకు బ్యాంకు చేతిలో క్షణం కూడా నిలవకపోతే కమీషన్ కొట్టు ముందస్తు డబ్బుకూ దానికీ పెద్ద తేడా ఉండదు. అయినా చరిత్ర ఒకటి తేల్చింది. చట్టం దారి చూపిన చోట ఈ వ్యాపారం ఆడిట్ కిందికి వచ్చింది. దారి మూసిన చోట ఆగలేదు, సహకార సంఘంగానో మోసపు స్కీముగానో బతికింది. మన పార్లమెంటు మొహంతీ కమిటీ చెప్పిన చిన్న కౌంటరైనా తెరిచే సవరణ చేస్తే నష్టపోయేది మోసగాళ్లే.

అది వచ్చేదాకా, మీరు ఏ మతం వారైనా సరే, హలాల్ లాభమని, దైవకార్యమని, పావలా వడ్డీ అని ఎవరు డబ్బు అడిగినా మూడు ప్రశ్నలు వేయండి. ఏ చట్టం కింద రిజిస్టరయ్యారు? లెక్కలు ఎవరు ఆడిట్ చేస్తారు? నష్టం వస్తే ఎవరు భరిస్తారు? మొదటి ప్రశ్నకు జవాబు సరిగా లేకపోతే రిజర్వు బ్యాంకు వారి సచేత్ వెబ్‌సైటులో ఫిర్యాదు చేయండి, డబ్బు మాత్రం ఇవ్వకండి.